ఒకే పద్యం, ఐదు రికార్డింగులు: ‘నాయిస్’ తీసేసే ఫోన్లతో నా పేచీ

ఇయర్‌బడ్స్ గానీ ఫోన్ గానీ రివ్యూ చేసిన ప్రతిసారీ మీలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "అన్నా, సౌండ్ టెస్ట్‌కి ఏ పాట వాడతావు?" ఇన్నాళ్లూ ఏదో ఒక సినిమా పాట పేరు చెప్పి తప్పించుకున్నా. నిజం చెప్తే నవ్వుతారేమో అని భయం.

నిజం ఏంటంటే, నేను వాడేది పాట కాదు, పద్యం. కురుక్షేత్రం నాటకంలో కృష్ణ రాయబారం సీనులో కృష్ణుడు పాడే ‘జెండాపై కపిరాజు’. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ విజయాల్లోది. మీ ఇంట్లో అరవై దాటినవాళ్లు ఉంటే ఆ రెండు మాటలు అని చూడండి, మిగతాది వాళ్లే అందుకుంటారు.

ఈ ఒక్క పద్యానివి నా దగ్గర ఐదు రికార్డింగులు ఉన్నాయి. ఒకటి స్టూడియోది, రెండు పేరున్న నటుల స్టేజీవి, ఒకటి 1994 నాటి క్యాసెట్, ఇంకొకటి నా సొంత ఫోన్‌తో తీసింది. ఐదింటిలో అన్నిటికంటే చెత్తగా వచ్చింది ఏదో తెలుసా? ఫోన్‌ది. మూడు మైకులు, ఏఐ ఆడియో అని బాక్సు మీద రాసి ఉన్న ఫోన్‌ది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు జామ్ బ్యాండ్ సంగతి

బెంగళూరులో నా రూమ్మేట్‌కి గ్రేట్‌ఫుల్ డెడ్ అంటే పిచ్చి. అమెరికాలో 1965లో మొదలైన బ్యాండ్ అది. జామ్ బ్యాండ్ అనే మాట వినగానే ముందు గుర్తొచ్చేది వీళ్లే. పాట ఒక దారి మాత్రమే చూపిస్తుంది, ఆ రాత్రి ఎంత దూరం పోవాలో స్టేజీ మీద తేలుతుంది. వాళ్ల ‘డార్క్ స్టార్’ పాట 1968లో సింగిల్‌గా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటి ఏడాది ‘లైవ్ డెడ్’ ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు.

అందుకే ఆ బ్యాండ్ అభిమానులు "ఆ పాట విన్నావా" అని అడగరు. "ఏ రాత్రిది విన్నావు" అని అడుగుతారు. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో జరిగిన కచేరీ గురించి ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ రికార్డింగ్ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలోకి కూడా ఎక్కింది. ప్రేక్షకులు టేపులు తీసుకుంటే బ్యాండ్ వద్దనలేదు. 1984 నుంచి మైకులు పెట్టుకునేవాళ్లకి హాల్లో ప్రత్యేకంగా చోటే ఇచ్చింది.

వాడు ఇదంతా చెప్తుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. "ఒరేయ్, ఇది మా ఊరి నాటకం కదరా" అన్నా.

నిజమే కదా. పద్య నాటకంలో రాసిన పద్యం నాలుగు పాదాలే. చదివితే అర నిమిషం. స్టేజీ మీద ఆ నాలుగో పాదం చివర రాగం అందుకుంటే ఎంతసేపు పోతుందో ఎవరికీ తెలియదు. హార్మోనియం మేష్ట్రు వెంటపడతాడు. జనం "వన్స్‌మోర్" అంటే మళ్లీ మొదలు, ఈసారి ఇంకో రకంగా. పైగా ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేరే వేరే నటులు సీనుకొకరు కడతారు. అంటే పోలిక ఆ ఆటలోనే ఉంది. పుస్తకంలో లేనివి కూడా కలుపుకుంటారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వచ్చిందంటే గుర్రం జాషువా గారి శ్మశానవాటి పద్యాలు పడాల్సిందే. అవి ఆ నాటకం కోసం రాసినవి కావు. జనం అడిగారు, చేరిపోయాయి.

ఇది మా జిల్లా పేచీ కూడా

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. తెలుగు నాటకంలో పద్యాన్ని రాగంతో పాడించే పద్ధతికి ఊపిరి పోసినవాళ్లలో ముందు చెప్పుకునే పేరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఊరు పేరే ఇంటిపేరు, మా అనంతపురం వైపు ధర్మవరమే. బళ్లారిలో ప్లీడరీ చేస్తూ అక్కడ సరస వినోదినీ సభ పెట్టి నాటకాలు ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడు అంటారు.

ఆయన మేనల్లుడే బళ్లారి రాఘవ. పుట్టింది 1880లో, మా తాడిపత్రిలో. ఆయన మాత్రం నటుడు సాగదీసి రాగాలు తీయడం ఏంటి, నటించాలి గానీ అనే పక్షం. మేనమామ పద్యం తెచ్చారు, మేనల్లుడు పద్యాన్ని కాస్త ఆపండి అన్నారు. అంటే "జామ్ ఎంతసేపు ఉండాలి" అనే గొడవ మా దగ్గర వందేళ్ల పైనుంచీ నడుస్తోంది. ఇది గుర్తుపెట్టుకుని ఐదు రికార్డింగులూ విందాం.

ఒకటి: ఘంటసాల, స్టూడియో

1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారం’ సినిమాలో ఎన్టీఆర్‌కి ఘంటసాల పాడింది. నా బెంచ్‌మార్క్ ఇదే. మాట స్పష్టంగా ఉందా, మిడ్స్ ఎలా ఉన్నాయి అని చూడటానికి దీనికి మించింది లేదు. రాగం ఎంత కావాలో అంతే, మీద ఒక్క గ్రాము లేదు. రాఘవ గారు విని ఉంటే మెచ్చుకునేవారేమో.

కానీ వందోసారి విన్నా మొదటిసారి విన్నట్టే ఉంటుంది. అది పొగడ్త, అదే లోటు కూడా. అక్కడ ఎవరూ "వన్స్‌మోర్" అనరు. తప్పు జరిగే అవకాశం లేని చోట పాడింది అది.

రెండు: షణ్ముఖి ఆంజనేయరాజు, స్టేజీ

షణ్ముఖి గారు కృష్ణుడు కడితే జనం రాగం కోసమే వచ్చేవారు. ఊపిరి ఆపి ఒక్క స్వరం మీద నిలబడటం, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా దిగడం. ఆన్‌లైన్‌లో దొరికే ఆయన స్టేజీ రికార్డింగుల్లో ఈ పద్యం వింటే ఒకటి గమనించండి. హార్మోనియం ఆయన కంటే ముందు పోదు, వెనకే వస్తుంది. ఎటు తిరుగుతాడో వాయించేవాడికీ తెలియదు. హెడ్‌ఫోన్స్‌లో సౌండ్‌స్టేజ్ టెస్ట్ చేయాలంటే ఇలాంటివే వాడండి: గొంతు ఎక్కడ, పెట్టె ఎక్కడ, జనం ఎక్కడ.

మూడు: పీసపాటి నరసింహమూర్తి, స్టేజీ

ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన పీసపాటి గారిది ఇంకో దారి. ఆయన దగ్గర మాట ముందు, రాగం తర్వాత. రాయబారానికి వచ్చిన కృష్ణుడు బెదిరిస్తున్నాడా, బతిమాలుతున్నాడా అనేది ఒక్కో మాట మీద తెలుస్తుంది. మా రూమ్మేట్‌కి తెలుగు సగమే అర్థమవుతుంది. వాడు కూడా "ఈయన వార్నింగ్ ఇస్తున్నాడు కదా" అన్నాడు.

షణ్ముఖా, పీసపాటా అంటే పొద్దు పొడిచేదాకా కొట్టుకునే పెద్దవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. నా వరకైతే పగలు పీసపాటి, రాత్రి షణ్ముఖి. తప్పించుకున్నా అనుకోండి, పర్లేదు.

నాలుగు: 1994, మా జేజినాయన, టీడీకే క్యాసెట్

ఇప్పుడు అసలు కథ. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అనంతపురం అంటే ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా పడితే. దేశంలో జైసల్మేర్ తర్వాత మాదే అని స్కూల్లో చెప్పేవాళ్లు. మా జేజినాయన శెనిక్కాయ రైతు. వాన పడితే సేద్యం, పడకపోతే నాటకం. తమాషాకి అనడం లేదు. వానల కోసం విరాటపర్వం చదివించే ఆచారం తెలుగు ఊళ్లలో ఉంది కదా, మా వైపు భారతం నాటకం ఆడినా వాన వస్తుందని నమ్మకం. ఊరంతా చందాలు వేసుకుని, మేష్ట్రును పిలిపించి, రెండు మూడు నెలలు ప్రాక్టీసు చేసి, డ్రస్సులూ సీనరీ బాడుగకి తెచ్చి ఆడతారు. జేజినాయనది ఎప్పుడూ రాయబారం కృష్ణుడే.

1994లో మా చిన్నాయన ఒక సెల్లుల టేప్‌రికార్డర్ స్టేజీ పక్కన పెట్టి రికార్డు చేశాడు. 90 నిమిషాల క్యాసెట్, కృష్ణుడి సీన్లు మాత్రమే. ‘జెండాపై కపిరాజు’ బి సైడులో వస్తుంది. పాడటం, వన్స్‌మోర్, మళ్లీ వన్స్‌మోర్. మొత్తం మూడుసార్లు, 16 నిమిషాలు.

మా ఊళ్లో ఈ క్యాసెట్ గురించి ఒక కథ ఉంది. ఆ రాత్రి జేజినాయన ప్రతి వన్స్‌మోర్‌కీ శృతి పెంచుకుంటూ పోయాడు, ఒకటిన్నరలో మొదలుపెట్టి రెండులో ముగించాడు అని. క్యాసెట్ వింటే నిజమే అనిపిస్తుంది. మూడోసారికి గొంతు సన్నగా, ఎత్తుగా, కుర్రవాడి గొంతులా ఉంటుంది. మేమంతా దాన్ని నమ్ముకునే పెరిగాం.

పోయిన ఏడాది ఒక సెకండ్‌హ్యాండ్ డెక్ కొని ఆ క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించా. అలవాటు ప్రకారం మొదట నాయిస్ రిడక్షన్ కొడదామని ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ తెరిచా. కింద ఒక సన్నటి గీత, చివరిదాకా. అది హమ్, మైక్‌సెట్టు ఆంప్లిఫయర్ గొణుగుడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హమ్ 100, 200, 300 ఇలా గుణిజాల్లో వస్తుంది. గుడి దగ్గర కట్టే బూర స్పీకర్లు కింది ఫ్రీక్వెన్సీలు పలకవు కాబట్టి మనకి బాగా కనపడేది 300 దగ్గరిది.

కానీ ఆ గీత 300 దగ్గర లేదు. మొదటిసారి పాడినప్పుడు 306. రెండోసారికి 312. మూడోసారికి 318.

ఒక్క నిమిషం ఆలోచించండి. కృష్ణుడు శృతి పెంచొచ్చు. కరెంటు ఎందుకు పెంచుతుంది? ఆ రోజుల్లో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కాస్త అటూ ఇటూ ఊగేది నిజమే, కానీ గంటలోపు 53 హెర్ట్జ్‌కి ఎక్కదు. పెరిగింది శృతి కాదు. టేప్‌రికార్డర్‌లో సెల్లులు అయిపోతూ వచ్చాయి. రికార్డు చేసేటప్పుడు మోటారు నెమ్మదిగా తిరిగింది. ఇప్పుడు మామూలు స్పీడ్‌లో వాయిస్తే అంతా వేగంగా, ఎత్తుగా వినిపిస్తోంది. 6 శాతం తేడా అంటే లెక్కకి సరిగ్గా ఒక అర మెట్టు. ఒకటిన్నర నుంచి రెండుకి.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. గొంతుతోపాటు హార్మోనియం కూడా ఎక్కుతోంది. మొదటిసారి 2 శాతం, తర్వాత 4. హార్మోనియం పెట్టెలో ఒకటిన్నరకీ రెండుకీ మధ్య ఇంకో మెట్టు లేదు కదా.

ఆ రాత్రి వాయించిన మేష్ట్రు ఇప్పటికీ పక్క ఊళ్లోనే ఉన్నాడు. పోయి అడిగా.

"శృతి ఎక్కడ పెంచినాడప్పా?" అని నవ్వినాడు. "నా పెట్టె ఆ పొద్దంతా ఒకటిన్నరలోనే ఉండె. మూడోసారి వన్స్‌మోర్ అనిరి. మీ జేజినాయనకు గొంతు పోయిండె. పై షడ్జమం అందల్యా. ఏం జేస్తాడా అని నేను ఒక మెట్టు పట్టుకోని కూసుంటి."

"మరి ఊళ్లో అందరూ శృతి పెంచినాడంటారు కదా మేష్ట్రూ?"

"క్యాసెట్టు విని అంటార్లేప్పా. ఆ పొద్దు విన్నోళ్లు అనరు."

ఇంటికొచ్చి, హమ్ గీత 300 దగ్గర నిలబడేలా మూడు ముక్కలకీ స్పీడ్ తగ్గించా. అప్పుడు వినపడింది అసలు రికార్డింగ్. మూడోసారి పాడుతున్నది కుర్రవాడు కాదు. తెల్లవారుజామున అలిసిపోయిన, బొంగురుపోయిన యాభై ఏళ్ల మనిషి. పై స్వరం దగ్గరికి పోతాడు, అందదు. హార్మోనియం ఒకే మెట్టు మీద ఆగి ఉంది. ఆయన పైకి పోకుండా కిందికి తిరిగాడు. మొదటి రెండుసార్లూ లేని దారి, మంద్రంలోకి. రాయబారానికి వచ్చిన దేవుడు అరవడం మానేసి నెమ్మదిగా చెప్తున్నట్టు. జనం ఈలలు లేవు. ఎక్కడో పిల్లవాడి ఏడుపు, కుక్క మొరుగు, హమ్. పద్యం అయ్యాక ఒక క్షణం ఏమీ లేదు, తర్వాత ఒక్కసారిగా అరుపులు.

ఊరి కథ అబద్ధమని తేలింది. దాని కింద ఉన్న నిజం ఆ కథ కంటే పెద్దది. గొంతు లేనప్పుడు ఆయన ఇంకో దారి వెతుక్కున్నాడు. నేను ఆ రోజు అలవాటుగా నాయిస్ రిడక్షన్ కొట్టి, శుభ్రమైన ఫైల్ దాచుకుని, క్యాసెట్ పారేసి ఉంటే? ఆ హమ్ గీత పోయేది. అసలు స్పీడ్ ఎంతో చెప్పే సాక్షి ఉండేది కాదు. నేను ‘చెత్త’ అనుకున్నదే జేజినాయన గొంతుని వెనక్కి తెచ్చింది.

ఐదు: రెండేళ్ల కింద, నా ఫోన్

జేజినాయన చివరిసారి స్టేజీ ఎక్కింది రెండేళ్ల కిందట. ఎనభై దాటాయి, వేషం కట్టలేడు. ఊళ్లో నాటకం ఆడుతుంటే కుర్చీ వేసి కూర్చోబెట్టి ఒక్క పద్యం పాడమన్నారు. పక్కన అదే మేష్ట్రు, అదే పెట్టె. నేను పది అడుగుల దూరంలో మంచి ఫోన్ పట్టుకుని నిలబడ్డా. వీడియో 4కేలో, స్టెబిలైజేషన్‌తో. కళ్లజోడు మీద లైటు మెరుపు కూడా కనపడుతుంది.

ఆడియో వింటే ఏడుపొస్తుంది. ఫోన్ పేరు చెప్పను, ఎందుకంటే తప్పులో సగం నాది. ఏఐ ఆడియో అనే ఆప్షన్ ఆన్‌లో ఉంది, నేను చూసుకోలేదు. హార్మోనియం మెట్టు పట్టుకున్న రెండు సెకన్లకి మాయమవుతుంది. జేజినాయన రాగం సాగదీస్తే గొంతు నీళ్లలో మునిగినట్టు ఊగుతుంది. "వన్స్‌మోర్" అన్నవాళ్ల నోళ్లు కదులుతాయి, శబ్దం రాదు. మాటలు మాత్రం అద్దంలా ఉన్నాయి, ఫోన్ కాల్‌లో మాట్లాడినట్టు.

ఎందుకిలా అయిందో మనలాంటివాళ్లకి అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఇలాంటి ఫిల్టర్లు ఎక్కువగా మాట కోసం తయారైనవి. ఫ్యాను, ఏసీ, ఇంజను లాంటి మారకుండా ఒకేలా మోగే శబ్దాన్ని నాయిస్ అనుకుంటాయి. మరి శృతి అంటే ఏంటి? మారకుండా ఒకేలా మోగేదే. ఒక స్వరం మీద నిలబడటం మన సంగీతంలో గొప్ప, ఆ ఫిల్టర్‌కి అది ఫ్యాను. ఈలపాట రఘురామయ్య గారు స్టేజీ మీద ఈలతోనే పద్యం పలికించేవారు. మనిషి మాట తప్ప మిగతాదంతా చెత్త అనుకునే ఫిల్టర్ ఆయన్ని ఏం చేసేదో మీరే ఊహించుకోండి.

న్యాయంగా చెప్పాలంటే 1994 టేప్‌రికార్డర్ కూడా అమాయకమైనది కాదు. దాంట్లోనూ ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్ ఉంది. జనం ఈల వేస్తే జేజినాయన గొంతు తగ్గిపోతుంది, మళ్లీ మెల్లగా లేస్తుంది. కానీ అది గొంతు తగ్గించింది, పెంచింది. ఏది ఉంచాలో ఏది తీసేయాలో అది నిర్ణయించలేదు. అందుకే ముప్పై ఏళ్ల తర్వాత కూడా బాగు చేసుకోగలిగా. ఫోన్‌ది బాగు చేయడానికి కింద అసలు ఫైల్ అంటూ లేదు. రికార్డయ్యేటప్పుడే కోసేసింది.

నాలుగు నెలల తర్వాత జేజినాయన పోయాడు. ఇంకో టేక్ లేదు.

"కానీ అన్నా, క్లీన్ ఆడియోనే కదా బాగుంటుంది?"

బాగుంటుంది. వ్లాగ్ చేసేవాళ్లకి, రోడ్డు మీద నిలబడి మాట్లాడేవాళ్లకి అవసరం కూడా. 2023లో పిక్సెల్ 8తో వచ్చిన ఆడియో మ్యాజిక్ ఎరేజర్, ఐఫోన్ 16లో ఆడియో మిక్స్ లాంటివి నాకు నచ్చిన దారి. అవి రికార్డు చేసిన తర్వాత ఎడిటింగ్‌లో పనిచేస్తాయి, వద్దనుకుంటే వెనక్కి పోవచ్చు. నా పేచీ క్లీనింగ్‌తో కాదు. అడక్కుండా, అసలు దాచకుండా, రికార్డింగ్‌లోనే చేసే క్లీనింగ్‌తో.

ఇంకో మాట. మంచి రికార్డింగ్ తీసినా సరిపోదు, దాచుకోవాలి. ఆ కార్నెల్ కచేరీని టేపుకెక్కించింది బెట్టీ కాంటర్-జాక్సన్ అనే సౌండ్ ఇంజనీర్. అద్దె బాకీపడి ఆమె టేపులు 1986లో గోదాము వేలంలో పోయాయి. కొన్నవాళ్లు కాపీలు పంచబట్టి బతికాయి. అంత పెద్ద బ్యాండ్ టేపులకే ఆ గతి పడితే, మా చిన్నాయన ఇనప్పెట్టెలో క్యాసెట్ మిగలడం అదృష్టం. అదృష్టాన్ని బ్యాకప్ ప్లాన్ అనలేం.

మీ ఊళ్లో నాటకం ఉంటే ఇలా తీయండి

ఈ తిరునాళ్లకో, శ్రీరామనవమికో, హరికథకో, భజనకో పోతే ఇవి గుర్తుపెట్టుకోండి. అన్నీ నేను చేసిన తప్పుల నుంచి నేర్చుకున్నవే.

వీడియో ఒక ఫోన్‌లో, ఆడియో ఇంకో ఫోన్‌లో తీయండి. పాత ఫోన్ అయినా పర్లేదు. ఆండ్రాయిడ్ 7.0 నుంచి ప్రాసెసింగ్ లేని మైక్ సిగ్నల్ తీసుకునే ‘అన్‌ప్రాసెస్డ్’ దారి సిస్టమ్‌లో ఉంది. అన్ని ఫోన్లూ సపోర్ట్ చేయవు, కానీ దాన్ని వాడుకునే రికార్డర్ యాప్‌లు ఉన్నాయి, మీ ఫోన్‌లో పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి. వాయిస్ ఎన్‌హాన్స్, నాయిస్ రిడక్షన్, ఏఐ ఆడియో లాంటివి ఏ పేరుతో ఉన్నా ఆఫ్ చేయండి. ఆటో గెయిన్ ఆపే వీలుంటే ఆపి, అందరికంటే గట్టిగా పాడేవాడు పాడినప్పుడు మీటర్ మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉండేలా పెట్టండి. జనం అరిచినా పగలదు.

బూర స్పీకర్ ముందు నిలబడొద్దు. స్టేజీకి దగ్గరగా, హార్మోనియం వైపు పెట్టండి. ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో వేవ్ ఫైల్ గంటకి ఒక జీబీ అవుతుంది. రాత్రంతా ఎనిమిది గంటలంటే ఎనిమిది జీబీ పైచిలుకు. 128 జీబీ ఫోన్‌లో అది లెక్కలోకే రాదు. సీనుకొక ఫైల్ చేయండి, ఒకటి పాడైనా మిగతావి ఉంటాయి.

క్లీన్ చేసుకోవాలంటే కాపీ మీద చేయండి. అసలు ఫైల్‌ని ముట్టుకోవద్దు. హమ్‌తో సహా, కుక్క అరుపుతో సహా ఉంచండి. అందులో ఏది ఎప్పుడు అవసరమవుతుందో మనకి తెలియదు.

నా ఓటు

ఐదింటిలో ఏది గొప్పగా పాడింది అంటే ఘంటసాలే, వాదన లేదు. ఏది మళ్లీ మళ్లీ వింటాను అంటే క్యాసెట్ మూడో టేక్. మీకు మీ జిల్లాలో, మీ ఇంట్లో అలాంటిది ఇంకోటి ఉండొచ్చు. దాన్ని ఏ స్టోర్లోనూ కొనలేం.

రివ్యూయర్‌గా నా తప్పు కూడా ఒప్పుకోవాలి. కెమెరాకి రెండు పేజీలు రాసి, మైక్‌కి "ఆడియో క్లియర్‌గా ఉంది" అని ఒక్క లైను రాసి వదిలేసిన రివ్యూలు నావి చాలా ఉన్నాయి. ఇక నుంచి నా చేతికి వచ్చే ప్రతి ఫోన్‌నీ మేష్ట్రు దగ్గరికి తీసుకుపోతా. ఒప్పుకున్నాడు, టీ ఖర్చు నాది. పది అడుగుల దూరం, అదే పెట్టె, ఒకటిన్నర శృతి, ఒక మెట్టు పది సెకన్లు పట్టుకోవాలి. పది సెకన్లూ వినపడితే పాస్. రెండు సెకన్లకే మాయమైతే కెమెరా ఎంత గొప్పదైనా, ఈ ఫోన్‌తో మీ పెద్దవాళ్లని రికార్డు చేయొద్దని రాస్తా.